ఎన్ని కన్నాలది?

రాట్టన్ బజారులో మా గుండీల కొట్టుకి
వెబ్‌సైట్ కావాలని ఇద్దర్ని పిలిచాను.

మొదటివాడు ల్యాప్‌టాప్ తెరిచి
"ఇక్కడో బటన్ పెడదాం సార్" అన్నాడు.
ఎన్ని కన్నాలది, అని అడిగాను.
నవ్వలేదు. కొటేషన్‌లో జీఎస్టీ కలిపాడు.

పెరంబూరు నుంచి వచ్చిన హైమ
వానకి తడిసిన చున్నీ పిండుకుని
కౌంటరు పక్క స్టూలు మీద
పొద్దుగూకేదాకా కూర్చుంది.
ఏమీ చూపించలేదు.

ఓ ముసలాయన చొక్కా అంచు పట్టి
ఊడిన చోటు చూపించాడు.
చూడకుండానే నా చెయ్యి
డెబ్బైరెండో డబ్బాలోకి పోయింది.

"ఇది స్క్రీన్ మీద ఎలా పెట్టాలో
నాకింకా తెలీదండీ,"
అంది వెళ్లబోతూ.

అడ్వాన్సు ఆమెకే ఇచ్చాను,
కవర్లో
ఆమె కుర్తాకి తక్కువైన గుండీ కూడా వేసి.