తోక చివర ముక్కు

హాలిఫాక్స్ ఆసుపత్రి, రెండో నంబరు ఎక్స్‌రే గది.
మార్చి వచ్చినా మెట్ల మీద మంచు పోలేదు.
చెత్తడబ్బా వీధిలో పెట్టబోయి
జర్రున జారి కూలబడింది
మ్యూరియల్ ఆక్రాయిడ్, డెబ్భై ఎనిమిది.
"ముప్పయ్యేళ్లు ఉన్ని మిల్లులో నిలబడే ఉన్నాను.
కూర్చుందామనుకునే వేళకి ఇదీ నా భాగ్యం."

ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టాను.
ఊపిరి బిగబట్టమన్నాను.
తెర మీద పూసలన్నీ దిగి దిగి
ఆఖర్న లోపలికి వంగిన చిన్న కొక్కెం.

"కాక్సిక్స్" అన్నాను.
"అదేం పేరమ్మా, పన్నులాఫీసు గుమాస్తాలాగా!"

మా వాళ్లు ముడ్డిపూస అంటారు, నలుగురిలో అనలేం.
పుస్తకం అనుత్రికం అంటుంది, నలుగురికీ తెలీదు.
ఈ మాట మాత్రం లాటిన్‌ది.
లాటిన్‌దీ కాదు, గ్రీకు దగ్గర తెచ్చుకున్నది.
ఎవరో పాతకాలపు వైద్యుడు
చచ్చినవాడి ఎముకలు ముందేసుకుని
ఈ చివరి ముక్కని వేళ్ల మధ్య తిప్పి తిప్పి చూసి
కోకిల ముక్కులా ఉందే అనుకున్నాడు.
తోక ఉండాల్సిన చోట
ముక్కు!

గ్రీకు గుడ్డు పెట్టి ఎగిరిపోయింది.
లాటిన్ పొదిగింది. ఇంగ్లీషు మేపింది.
ఎవరి పిల్లవే అని
ఏ గూడూ అడగలేదు.

మ్యూరియల్ గోడవైపే చూస్తూ అంది:
"ఏప్రిల్లో కొండమీద మొదటి కూత వినగానే
మా నాన్న జేబులో చిల్లర తిరగేసేవాడు,
ఏడాదంతా డబ్బుకి లోటుండదని.
లోటు ఎప్పుడూ ఉండేదనుకో.
నేను విని పదకొండేళ్లయింది.
ఏప్రిల్ వస్తుంది. అది రాదు."

రిపోర్టు డాక్టరు రాయాలి, నేను చెప్పకూడదు.
ముక్కు కొన దగ్గర వెంట్రుకంత గీత.
దీనికి కట్టు లేదు, సిమెంటు పట్టీ లేదు,
నడిమధ్య చిల్లున్న దిండు ఒకటి, ఆరు వారాల ఓపిక.
పిట్టని ఎవరు మాత్రం కట్టేస్తారు?

చక్రాల కుర్చీలోకి మెల్లగా దించాను.
ఒక పక్కకి ఒరిగి కూర్చోబోతూ
"కూ" అంది, నొప్పికి,
సగంలోనే గొంతు ఆగిపోయింది.

ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం.
నవ్వితే ఇంకా నొప్పి,
అయినా నవ్వింది.

కోటు జేబులో చెయ్యి పెట్టి వెతికింది.
బస్సుకని దాచుకున్న నాణెం ఒకటి
గుడ్డ లోపలే
బోర్లా పడిన చప్పుడు.