అడ్డంగా తిప్పితే

నా దగ్గర బాగానే ఉంది, అన్నాను.
మొదటి ఫోనుకి ఎవరమైనా అంతే అంటాం.
మస్కట్‌లో, రువీలో, ఆరో అంతస్తులో
ఏసీ చలికి శాలువా కప్పుకుని
మూడు బ్రౌజర్లు పక్కపక్కన తెరిచి చూశాను.
క్రోమ్‌లో కుదురుగా ఉంది,
ఫైర్‌ఫాక్స్‌లో వెంట్రుకవాసి కిందికి జరిగింది,
సఫారీలో అక్షరాలు కొంచెం ఒళ్లు చేశాయి,
అయినా పేజీ పేజీలాగే ఉంది.
డబ్బు పంపే కంపెనీ. అడుగున ఆకుపచ్చ బొత్తాం.
బొత్తాం మీద తెలుగులో, నేనే పట్టుబట్టి రాయించిన "పంపు".

మళ్లీ అదే గొంతు.
"మేడం, పంపు లేదు."
ఉందండీ.
"నాకైతే లేదు."
క్యాష్ తుడవమన్నాను. మూసి తెరవమన్నాను.
అప్‌డేట్ చేసుకోమన్నాను.
"ఇగ ఎక్కదంటున్నది మేడం, ఫోను ముసల్దైంది."
అటువైపు ఎవరో బకెట్ కింద పెట్టిన చప్పుడు.
పేరడిగితే గంగనర్సు అన్నాడు.
రాసుకుని, పక్కన "తిరిగి జరగలేదు" అని రాసి మూసేశాను.
తిరిగి జరగనిది నా బల్ల మీద.

నెల తిరిగేసరికి నలభై ఫిర్యాదులు,
అన్నీ ఘలా క్యాంపు నుంచే.
మేనేజర్ యాఖూబ్ అల్ కిందీ
ఖర్జూరం గింజ కాగితంలో చుడుతూ అన్నాడు:
"సైటు ఇక్కడ లేదమ్మా, అక్కడుంది. వెళ్లి చూసిరా."

గురువారం, జీతాలు పడ్డ రాత్రి.
రెండేసి అంతస్తుల మంచాలు ఆరు,
ఒక్క ప్లగ్గుకి వేలాడే చార్జర్ల గుత్తి.
మూల పగిలిన ఫోనులో నా పేజీ చూపించాడు.
నాదేనా అనిపించింది.
పైన అరబీ పేరు సగం తెరని మింగి కూర్చుంది.
దాని కింద అతని పేరు:

గంగనర్
సు

వత్తు ఊడి, పొల్లు మిగిలి,
మిగతా ముక్క కింది వరుసలో పడింది.
"గిది గూడ నేనేనా మేడం?
బ్యాంకోడు ఒప్పుకుంటడా?"
నవ్వుతూనే అడిగాడు. నాకు నవ్వు రాలేదు.

బొత్తాం నిజంగానే లేదు.
వేలితో లాగాను, రాలేదు.
"గట్ల రాదు మేడం. గిట్ల తిప్పాలె."
ఫోను అడ్డంగా తిప్పి, మెడ కొంచెం వంచాడు.
అడుగున గోరంత ఆకుపచ్చ అంచు.
దాని మీద బొటనవేలి కొన ఆనించి నొక్కాడు.
పోయాయి డబ్బులు.

ఎవరు చెప్పారు నీకు?
"ఎవలు జెప్తరు? పోయిన రంజాన్ల ఫోను కిందవడ్డది.
ఎత్తంగ కనవడ్డది."
పోశన్నకి చెప్పాడట, సాయిలుకి చెప్పాడట,
భాష రాని నేపాలీ పిల్లవాడికి చేత్తో తిప్పి చూపాడట.
తలెత్తి చూస్తే ఆ వరుసంతా
ఫోనులు పడుకుని ఉన్నాయి, మెడలు వంగి ఉన్నాయి.

ఆ రాత్రే దొరికింది.
తెర ఎత్తులో నూటికి నూరు, అని రాశాను ఒకచోట.
ఆ పాత బ్రౌజర్ తన అడుగు పట్టీని కూడా
నూరులో కలిపే లెక్కేస్తుంది;
నా బొత్తాం ఆ పట్టీ వెనక నిలబడి ఉంది, ఇన్నాళ్లూ.
ఒక వరుస కొట్టేశాను, ఒకటి రాశాను,
వత్తు జారకుండా ఒక ఫాంటు వెంట పంపాను.
పదకొండు నిమిషాలు.

తర్వాతి గురువారం నేనే ఫోన్ చేశాను.
"వచ్చింది మేడం, నిల్వుగనే వచ్చింది.
పేరు గూడ ఒక్కతాననే ఉన్నది."
పంపావా మరి?
"పంపిన." కొంచెం ఆగాడు.
"తిప్పే పంపిన. చెయ్యి అట్లనే పోతది."

లాగులు తెరిచాను.
ఘలా నుంచి, రాత్రి తొమ్మిదీ పదీ మధ్య,
ఒకదాని కింద ఒకటి, నలభై మూడు తెరలు:
వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ.