మడిచిన కొస

కాల్దెరా దాటి ఇరవై నిమిషాలు.
వెనక సీట్లో అట్టపెట్టెలో
పదకొండు మంది పళ్ళసెట్లు.
పక్క సీట్లో నోరు తెరుచుకుని యెర్కో,
నా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు.

ముందు పోతున్న ఖనిజం లారీ
ఉన్నట్టుండి పక్కకి జరిగింది.
రోడ్డు మధ్యలో నల్లగా ఏదో.
కుక్కా? ఎవరైనా పారేసుకున్న కోటా?
ఆలోచన ఇంకా సగంలోనే ఉంది,
కారు దానిమీద నించి వెళ్ళిపోయింది.

ధడేల్.
ఆ వెనకే, రేకు డబ్బా ఈడ్చుకుంటూ
కాళ్ళకింద ఎవరో పరుగెత్తిన చప్పుడు.
పెట్టెలో పళ్ళన్నీ ఒక్కసారి పటపట కొరికాయి.
"భూకంపమా?" అంటూ లేచాడు యెర్కో.
మా వైపు నిద్ర చెడితే మొదట అడిగేది అదే.
"కాదు. లారీ టైరు తొక్క."

పక్కకి తీసి ఆపాను.
ఇంజను మాట విన్నది గానీ
చేతులు స్టీరింగుని వదలనన్నాయి.
ఎడమవైపు సముద్రం,
తనకేమీ తెలియదన్నట్టు.

"నోరు చూసినట్టే చూడాలి," అన్నాను కుర్రాడితో.
"ముందు బయట, ఆ తరవాత లోపల,
చిగుళ్ళు చివర."
బంపరు కింది పెదవి చిట్లింది.
నంబరు ప్లేటు ఒంటి మేకు మీద వేలాడుతోంది.
దీపం అద్దం మీద గీత,
ఉమ్మి తడితో రుద్దితే పోయింది. దుమ్మే.

తలుపు సొట్ట పాతది,
చేపల సంతలో తోపుడుబండి చలవ.
వెనక చక్రం పైన ఈ తెల్ల చార మాత్రం
నేనెప్పుడూ ఎరగను.
"ఇదేమిటి?"
తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు యెర్కో.
"పోయిన నెల," అన్నాడు కాసేపటికి. "గేటు."
నెలరోజులు నా పక్కనే కూచుని మింగిన మాటని
రబ్బరు ముక్క ఒకటి కక్కించింది.

గోనె పరిచి వెల్లకిలా పడుకుని
ఫోను వెలుగులో కారు కడుపు చూశాను.
టప్పున ఒక చుక్క నుదుటిమీద.
వేలికి రాసుకుని వాసన చూశాను:
నూనె కాదు, ఏసీ నీళ్ళు. బతికాం.
ఇంకా లోపలికి జరిగితే
పొగగొట్టాన్ని మోసే కొక్కెం తుప్పు తిని విరిగి ఉంది.
ఎప్పుడో విరిగింది, ఈ రోజుది కాదు.
గొట్టం మాత్రం కింద పడలేదు.
సన్నటి మెరిసే తీగ, మూడు చుట్లు.

పళ్ళకి కొక్కీలు వంచే తీగ అది, మా షాపుది.
చివరి కొసని లోపలికి మడిచి ఉంది,
ఎవరి చెయ్యీ గీసుకోకుండా.
అలా మడిచేవాడు ఒక్కడే, ఎలెయుతేరియో.
పదేళ్ళు నా ఎదుటి బల్ల మీద పనిచేశాడు.
ఒక చుట్ట తీగ తక్కువైందని
లెక్కల పుస్తకం తెరిచి నలుగురిలో అడిగాను.
జవాబు చెప్పలేదు.
ఆ శనివారం పనిముట్లు గుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోయాడు.

ఎంతసేపు పడుకున్నానో,
"దెబ్బ పెద్దదా, దోన్యా ఎదెల్‌మిరా?"
అంటూ వంగి చూశాడు కుర్రాడు.
"కొత్తదేమీ లేదు," అన్నాను.

వెనక్కి నడిచి వెళ్ళి ఆ టైరు తొక్కని
చెరో చివరా పట్టుకుని ఇసకలోకి లాగాం.
చచ్చిన మొసలి బరువుంది.
దాటిపోయిన బస్సువాడు హారను కొట్టాడు,
మెచ్చుకున్నాడో తిట్టాడో.

బయల్దేరాక రేడియో కట్టేశాం.
ప్రతి చిన్న చప్పుడుకీ ఇద్దరం చెవులు రిక్కించాం.
పెట్టె విప్పి చూస్తే ఒక కోరపన్ను ఊడింది,
జాలరి ముసలాయనది. అతికించొచ్చు.

"ఆయన నంబరు ఎవరి దగ్గరా లేదు," అన్నాను,
నాలో నేను అనుకున్నాననుకుని.
యెర్కో కిటికీ బయటికి చూస్తూ,
"నా దగ్గరుంది," అన్నాడు.
కాస్త ఆగి,
"గేటు రోజు నించీ."

చన్యారాల్ ఇంకా నలభై కిలోమీటర్లు.
కింద గొట్టం సన్నగా మోగుతోంది.
పడదు.