మూడో రెక్క

చెన్నై బస్సులో దీనికి లగేజీ టికెట్టు కొట్టినారంట.
పాత లుంగీలో చుట్టి, గోనెసంచిలో దూర్చి,
కాళ్ల సందున పెట్టుకోని
గ్రీంస్‌పేట దాకా మోసుకొచ్చినాడు ఏకాంబరం.
బల్ల మీద దించితే ఇనుప రజను ఎగిరింది.
మూడు రెక్కలు, ఆరు కిలోలు,
కంచు అంటాడు వాడు.

"తెరచాప పడవదన్నా. ఆయమ్మ ఒక్కతే నడుపుతాది.
పదకొండు వేల మైళ్లు తిరిగొచ్చింది.
హార్బరులో పారేయమన్నారు. నువ్వొకసారి చూసి చెప్పు."

నాకు బోరు మోటర్లు తెలుసు.
ఎనిమిది వందల అడుగుల కింద ఇసక మింగి
పళ్లు రాలిన ఇంపెల్లర్లు తెలుసు.
చెరకు గానుగ చక్రాలు తెలుసు.
సముద్రమంటే ఒకే ఒకసారి, మెరీనాలో, మోకాలి దాకా,
చెప్పులు చేత పట్టుకోని.

ఖాదర్ మేస్త్రీ నేర్పింది ఒకటే:
కంటికంటే ముందు చెవిని పంపు.
పురికొస కట్టి దూలానికి వేలాడదీసినా.
చిన్న సుత్తి. మొదటి రెక్క
ఖణేల్‌మని, ఎంతసేపటికీ ఆగలా.
రెండోది అంతే, రొంత సన్నంగా.
మూడోది
టక్ అనింది.
తడిసిన చెక్క మాదిరి.
ఏకాంబరం నా మొకం చూసినాడు.
నేను సుత్తి చూసుకున్నా.

గడప కాడ ఎండలోకి తెచ్చి వేలితో తడిమినా.
అంచు పక్కన, వీపు వైపు,
చీమలు తవ్వినట్టు గుంతలు.
"ఉప్పు తినేసింది కదన్నా?"
"ఉప్పు కాదబ్బా. బుడగ."
ఇంజను మరీ వడిగా తిప్పితే
రెక్క వెనకాల నీళ్లు తెగిపోతాయి.
ఆ సందులో బుడగ పుడతాది, పగులుతాది,
పగిలిన ప్రతిసారీ సూదిమొనంత సుత్తి దెబ్బ.
నాకెట్ల తెలుసంటే
బోరులో నీళ్లు అందనప్పుడు కూడా
మోటరు తనని తాను ఇట్లే కొరుక్కుంటాది.
మొన్న గుడిపాల నుంచి వచ్చిన ఇంపెల్లరు
మూలన ఉంటే తెచ్చి పక్కన పెట్టినా.
నీళ్లు చాలక పడిన గాట్లు,
నీళ్ల నడిమధ్య పడిన గాట్లు.
ఏది ఏదో నేనే తడబడినా.

ఇవి పెద్ద జబ్బు కాదు, పూడ్చచ్చు.
మూడో రెక్క మొన మీద
ఆకురాయితో ఒక్క గీటు గీసినా.
పసుపుపచ్చ రావాల.
గులాబీ వచ్చింది.
ఇంకో చోట గీసినా. గులాబీనే.
కంచని అమ్మినోడు ఇత్తడి పోసినాడు.
జింకు ఎప్పుడో, ఏ రేవులోనో, నీళ్లలోకి దిగి వెళ్లిపోయింది.
రాగి ఒక్కటే కూర్చోనుండాది
పాత ఆకారం పట్టుకోని.
ఒంపు సరిగ్గానే ఉండాది, మందమూ అంతే.
కాలిపర్సుకు ఏమీ తెలియలా.

"సాన పట్టి ఇచ్చేయన్నా. కొచ్చి దాకా పోతే చాలు.
అయినా గాలి ఉన్నన్నాళ్లు దీనితో పనేముండాది?"

నిజమే.
గాలి లాగేటప్పుడు ఇది ఊరికే ఈడ్చుకుంటా వస్తాది.
గాలి పడిపోయి, అలలు రాళ్ల వైపు నెడతా ఉంటే
అప్పుడు పిలుస్తారు దీన్ని.

మెరుగు పెడితే పన్నెండు వందలు.
అద్దం మాదిరి వచ్చేది.
కరెంటు బిల్లు మేకుకు గుచ్చి ఉండాది.
సుద్దముక్క తీసి
మూడో రెక్క మీద ఇంటూ మార్కు వేసినా.

టీ తెప్పించినా. తాగినాడు, గ్లాసు అడుగు చూస్తా.
"ఆయమ్మకు ఏం చెప్పేది?"
"కొట్టి వినిపించు. చెప్పే పనుండదు."
సంచి మూతి మళ్లీ నేనే కట్టినా.

బస్సు పోయినాక బల్ల తుడుస్తా ఉంటే
ఏ గుంతలోనించి రాలిందో, తెల్లగా గవ్వముక్క,
బియ్యపు నూకంత.
గుడ్డతో తోసేయబోయి
నాలిక మీద పెట్టుకున్నా.
ఉప్పు లేదు. సున్నం, కొంచెం ఇనుము.

వాకిట్లో యాదమరి రైతు బండి ఆపి
సంచి దించుతా ఉండాడు.
"మోటరు తిరగతాది మేస్త్రీ, నీళ్లు ఎక్కడంలా."
పురికొస ఇంకా దూలానికే వేలాడతా ఉండాది.