ఇతరములు

నాంపల్లి కోర్టు గోడ పక్కన
గొడుగు కింద నా టైపు మిషను.
ముప్పైనాలుగేళ్లుగా దానికొక జబ్బు:
'క్ష' కొడితే సగమే పడుతుంది.
మిగతా సగం పెన్నుతో దిద్దుతాను.

సోమవారం పొద్దున్నే వచ్చాడాయన.
సంచిలో కవరు, కవరులో ఇంకో కవరు,
అందులో నాలుగు మడతల కాగితం.
విప్పుతుంటే మడతల్లోంచి వెలుతురు కనబడింది.
"కలెక్టరాఫీసుల అర్జీ ఇయ్యాలె. కొట్టు అన్నా."

పేరు గట్టు నరహరి.
చప్పల్ బజార్ ప్రెస్సులో కంపోజిటరు, ఒకప్పుడు.
సీసపు అక్షరాల్ని తిరగేసి చదవగలిగిన మనిషి.
తొంభై ఆరు, ఆగస్టు, బాగే ఆమ్‌లో
వాన వెలిశాక తడి బెంచీ మీద
ఘౌస్ పాషా చెయ్యి పట్టుకొని కూర్చున్నాడు.
అంతే, అంటాడు.

ఛార్జిషీటు అంతే అనలేదు.
చెట్టు చాటు అంది, చీకటి అంది,
ఓడలెక్కి వచ్చిన తెల్లదొరల మాటని తెలుగులో పెట్టి
'ప్రకృతికి విరుద్ధంగా' అంది.
ప్రకృతిని మాత్రం ఎవరూ సాక్ష్యానికి పిలవలేదు.
ఇద్దరు కానిస్టేబుళ్లు సరిపోయారు.

తర్వాత వాయిదాలు.
సాక్షి బదిలీ, జడ్జిగారి సెలవు,
ఒకసారి ఫైలు వానకి తడిసింది,
ఒకసారి ఫైలే రాలేదు.
ప్రెస్సు ఓనరు రెండో నెలలోనే లెక్క చూసి పంపించేశాడు.
గడియారాలు బాగుచేసే ఘౌస్ పాషా
మూడో వాయిదాకి రాలేదు,
నాలుగోదానికి అతని మరణ పత్రం వచ్చింది.
పేరు మీద ఎర్రసిరా గీత.
ఏడేళ్లకి నరహరికి 'సంశయలాభం' ఇచ్చారు.
ఆ లాభంతో ఏ దుకాణంలో ఏమొస్తుందో
ఇంకా అడుగుతూనే ఉన్నాడు.

"చట్టం పోయిందట గద,
పేపర్ల పెద్దగనే ఏసిండ్రు.
మరి పట్టుకపోయినోళ్లు?
పైసలొద్దన్నా. తప్పయిందని ఒక్క కాయితం,
కింద సంతకం, ముద్ర."

పాత నకలు చూసి రాద్దామని ముందు పెట్టుకున్నాను.
సాక్షి. శిక్ష. ప్రత్యక్ష.
ప్రతి 'క్ష' సగం అచ్చు, సగం పెన్ను.
వేళ్లు ఆగిపోయాయి.
ఆ రోజు ఏ ఎస్సై వచ్చి కూర్చున్నాడో గుర్తులేదు.
పేజీకి మూడు రూపాయలన్నది గుర్తుంది.

"అవు, నీ మిషనే," అన్నాడు నరహరి.
"కంపోజిటర్ని, అక్షరం జూస్తె మిషను తెల్వదా?
అందుకే ఎతుక్కుంట నీ దగ్గర్కే వచ్చిన."

ఏమీ అనలేకపోయాను.
కొట్టడం మొదలుపెట్టాను.
'క్షమాపణ' దగ్గర ఎప్పటిలాగే సగమే పడింది.
పెన్ను తీస్తే చెయ్యి అడ్డం పెట్టాడు.
"ఉండనియ్. ఆ సగం వాళ్లు దిద్దాలె."

ప్రజావాణి కౌంటర్‌లో అమ్మాయి
మంచిదే, నీళ్లు కూడా ఇచ్చిందట.
భూమి, పింఛను, రేషను, ఇల్లు...
ఏ గడిలోనూ పట్టక 'ఇతరములు' మీద టిక్కు పెట్టింది.
పై ఆఫీసరు చదివి కళ్లద్దాలు తీశాడు.
చట్టం చేసినవాళ్లు మేం కాదు,
కొట్టేసింది కోర్టు,
పట్టుకున్నవాళ్లు రిటైరయ్యారు,
అయినా అప్పుడు రాష్ట్రమే వేరు కదయ్యా,
మీ రికార్డు ఎవరి వాటాకి పోయిందో.

నరహరి అన్నాడట:
"లాఠీ ఎవరి వాటకొచ్చింది సార్?"

పదకొండో రోజు ఫోన్‌కి మెసేజి:
మీ దరఖాస్తు పరిష్కరించబడినది.
నాకు చూపించడానికే ఆటోలో వచ్చాడు.
ఇద్దరం చాలాసేపు ఆ 'బడినది' వైపు చూశాం.
ఎవరి చేత?

చాయ్ తాగాం. డబ్బులు ఆయనే ఇచ్చాడు,
నన్ను ఇవ్వనివ్వలేదు.
మళ్లీ సోమవారం వస్తానన్నాడు.
కార్బన్ పేపర్లు అయిపోయాయి,
అబిడ్స్‌లో ఇంకా ఎక్కడైనా దొరుకుతాయేమో చూడాలి.
మిషను బాగుచేసేవాడు ఫోన్ చేశాడు నిన్న,
ఆ 'క్ష' మార్చేస్తానని.
ఇప్పుడే వద్దన్నాను.