పదకొండు మందికి

ఫోటోలో నేను తడిసి ఉన్నాను.
యారాడ కెరటం మోకాళ్ల దగ్గర విరిగి వెనక్కి పోతోంది.
జుట్టు మెడ పైకి కత్తిరించుకుని మూడు రోజులు.
పక్కన ఒక భుజం. ఎవరిదో చెప్పను.

స్టేటస్ పెట్టే ముందు వేలు ఆగుతుంది.
కాంప్లెక్స్‌లో దిగే ముందు కండక్టరు
చిల్లర లెక్క చూసుకున్నట్టు పేర్లు చూసుకుంటాను.
రిఫైనరీ ల్యాబ్ వాళ్లు వద్దు.
గాజువాక బాబాయిలు, వాళ్ల అల్లుళ్లు, వద్దే వద్దు.
ట్యూషన్ పిల్లల తల్లులకి
మొన్నటి సింహాచలం సంపెంగల ఫోటో చాలు.
పెద్దమ్మ వరహాలమ్మ...
ఆవిడ పేరు మీద టిక్కు పడలేదని
గ్యాస్ కట్టేశానో లేదో చూసినట్టు
రెండుసార్లు చూస్తాను.

మిగిలింది పదకొండు మంది.
ఇంత చిన్న గుండ్రంలో ఎంత గాలి!

ఈ ఊరికి దాపరికం కొత్తా?
నీళ్ల కింద ఏ సబ్‌మెరైన్ ఎటు పోతోందో
తెలీకుండానే కదా
బీచ్ గోడ మీద కూచుని మురీ మిక్చర్ తింటాం.

నిన్న కంచరపాలెం వెళ్తే
ఉల్లిపాయ వేళ్లతో ఫోనిచ్చింది పెద్దమ్మ.
"అచ్చరాలు సీమల్లాగున్నాయే గుంటా, పెద్దవి సెయ్యి."
సెట్టింగుల్లో ఎక్కడో తప్పు తలుపు తీశాను.
స్టేటస్. వీరికి మాత్రమే.
నాలుగు పేర్లు:
పాల రామలక్ష్మి, డ్వాక్రా గౌరి, టైలర్ బీబీ,
నాలుగోది పేరు లేని నంబరు.
వీడియోలో
పోర్టు స్టేడియం వెనక ఖాళీ జాగా,
ఎవరిదో స్కూటీ,
కుచ్చిళ్లు బొడ్లో దోపి
యాభై ఎనిమిదేళ్ల వరహాలమ్మ
రెండు కాళ్లూ గాల్లోకెత్తి అరుస్తోంది,
నవ్వో భయమో,
నేనెప్పుడూ వినని గొంతుతో.

నాకు కనబడేవి గులాబీలు, శుభోదయాలు, అప్పన్నబాబు.
ఆవిడ లెక్కలో నేనూ ఒక ట్యూషన్ తల్లినే.

కోపం వచ్చింది. ముందు అదే వచ్చింది, అబద్ధమెందుకు.
ఆ నాలుగో నంబరు కంఠతా పట్టబోయి
ఆరో అంకె దగ్గర మానేశాను.

అక్షరాలు పెద్దవి చేసి ఇచ్చాను.
"మోకాలికి ఆ దెబ్బేంటి పెద్దమ్మా?"
"మెట్ల మీద జారిపోనాను.
నీ జుట్టేటే, అలా కోయించీసినావు?"
"ఊడిపోతోంది."
"ఓహో" అంది.
"అలాగా" అన్నాను.
టీ బాగా మరిగింది, ఇద్దరం ఊదుకుంటూ తాగాం.

బస్సు ఎన్‌ఏడీ దాటేదాకా
ఆవిడ పేరు మీదే వేలు.
టిక్కు పెట్టాను.
తీసేశాను.