తోడు

పొద్దున ఆరు. పెరుంగుడి చెత్తగుట్ట ఇంకా పొగ మొదలెట్టలేదు.
కన్నియప్పన్ నడుంలోతు నీళ్ళలో నిలబడి
పైపుని బురదలోకి దించాడు, ఒళ్ళు బరువంతా వేసి.
పైకి లాగితే మూరెడు మట్టి:
పైన గోరుమందం గోధుమరంగు,
కింద అంతా కాటుక.

"నాత్తం, మేడమ్" అన్నాడు మొహం పక్కకి తిప్పి.
కుళ్ళిన గుడ్డు కంపు.
మనం గాలి పీల్చినట్టు గంధకపు ఉప్పుని పీల్చేవాళ్ళు
విడిచిన ఊపిరి అది, అందామనుకున్నాను.
ఆ మాటకి నా తమిళం చాల్లేదు.
తెలుగూ ఇప్పుడే కూడగట్టుకుంటున్నాను.

ఆ గోరుమందమే పొలిమేర.
పైవాళ్ళకి ఆక్సిజన్ లేకపోతే చావు,
కిందివాళ్ళకి అది తగిలితే చావు.
అయినా రాకపోకలున్నాయి, ఒకరి ఎంగిలి ఇంకొకరి కూడు.
వేళచ్చేరి మేడల నుంచి జారివచ్చిన మూత్రం
జమ్ము వేళ్ళు వదిలిన పిసరంత గాలిలో నైట్రేటవుతుంది,
బెత్తెడు కిందికి ఇంకితే నత్రజని అవుతుంది,
ఎవరింటిదో మరిచిపోయి బుడగై లేస్తుంది.
ఒక బుడగ నా మోకాలి పక్కనే పగిలింది.
అదే ఇది అనుకుని సంబరపడ్డాను.
మీథేనూ కావచ్చు. బుడగ చెప్పదు.

ల్యాబులో రెండు సీసాలు.
కాలువ పడేచోటి నీళ్ళలో గంజిచుక్క వేస్తే
నీలం రాలేదు, వట్టి నీళ్ళలాగే ఉండిపోయాయి.
జమ్ము దాటొచ్చిన నీళ్ళు మాత్రం
సిరా ఒలికినట్టు నీలమయ్యాయి,
నాలుగు మిల్లీలీటర్లు దించేదాకా విరగలేదు.
రెండు సీసాలకీ మధ్య మూడువందల అడుగులు.
ఆ దూరంలో ఒక్క మోటారు లేదు, ఒక్క జీతగాడు లేడు.

మెచ్చుకోలు చాలు. వాళ్ళకి దయాగియా లేదు.
మురుగు మరీ మీదపడి ఊపిరాడకపోతే
ఇనుము ఇన్నాళ్ళూ పిడికిట పట్టిన భాస్వరాన్ని వదిలేస్తుంది.
అదే బురద నాచుకి మేత పెడుతుంది,
తెల్లారేసరికి చేపలు వెల్లకిలా.

పోయినేడు కాంట్రాక్టరు ఉత్తరపు మడుగుని శుభ్రం చేశాడు.
ఆ కాటుకంతా లారీల్లో పోయింది.
అడుగున గీకిన గిన్నెలా ఎర్రమట్టి,
పైన ఆర్నెల్లుగా ఆకుపచ్చ పెయింటు.

మధ్యాహ్నం చూద్దును కదా,
కన్నియప్పన్ బకెట్ నిండా నల్లబురద మోసుకొచ్చి
ఆ మడుగులో వంచుతున్నాడు.
"ఎన్న ఇదు?"
"ఉరై మోర్" అన్నాడు.

తోడు.
పొద్దున నాకు దొరకని మాట.

ఇంత మడుగుకి ఒక బకెట్టా, అనలేదు.
లీటరు పాలకి మా అమ్మ వేసేదీ అర చెంచాడే.
రెండో బకెట్ నేను పట్టుకున్నాను.

మూడుసార్లు సబ్బు రాసినా చేతికి ఆ కంపు పోలేదు.
తోడుకుందా అని ఇప్పుడే అడక్కండి,
పైపు మళ్ళీ దించేది వానలయ్యాక.